చూరులో గ్లాసు, గోడమీద పేరు

నాకు ఆమె అంటే అసూయ. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత ఎవరూ కనిపెట్టాల్సిన పని ఉండదు. ఆమె బొమ్మలంటే అసూయ, ఆ బొమ్మల గురించి పేపర్లలో వచ్చే రాతలంటే అసూయ, నలుగురిలో నిలబడి తడుముకోకుండా మాట్లాడుతుందే, ఆ ధోరణి అంటే మరీ అసూయ. మా ఇద్దరిదీ నరసాపురం దగ్గర ఒకే ఊరు. ఒకే వయసు. విశాఖపట్నంలో ఒకే తరగతిలో కూర్చుని బొమ్మలు నేర్చుకున్నాం. ఇప్పుడు ఆమె హైదరాబాదులో పేరున్న ఆర్టిస్టు. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచర్ని. పగలంతా పిల్లల చేత మామిడికాయా, జెండా, కొబ్బరిచెట్టూ వేయిస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి నా బొమ్మలు నేను వేసుకుంటాను. అవి మంచం కింద గోడవైపు తిరిగి ఉంటాయి.

ఆమె మా ఊరి కామందుగారి అమ్మాయి. మా అమ్మ వాళ్లింట్లో పనిచేసేది. 'వాళ్లింట్లో' అన్నది మాటవరసకే. గుమ్మం దాటే పని కాదు అమ్మది. వాకిలి ఊడవడం, పశువుల పాకలో పేడ తీయడం, ధాన్యం ఎండబోసి ఎత్తడం. ఆదివారం తెల్లచీర కట్టుకుని మా లూథరన్ చర్చిలో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి, సోమవారం ఆ వాకిట్లో గొంతు పెగలనట్టే ఉండేది. దాహమేస్తే పశువుల పాక చూరులో దోపి ఉంచిన సత్తు గ్లాసు తీసుకుని నిలబడాలి. లోపల్నుంచి ఎవరో ఒకరు వచ్చి చెంబుతో ఎత్తునుంచి నీళ్లు పోస్తారు. తాగి, తనే కడుక్కుని, మళ్లీ చూరులో దోపెయ్యాలి. అది అమ్మ గ్లాసని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంకెవరూ ముట్టుకోరు.

ఆ ఇంటి పిల్లను మాత్రం అమ్మ ముట్టుకోవచ్చు. వానాకాలంలో కాలవ మీద వేసిన తాటిదుంగ జారుతుందని, ఆ పిల్లను చంకనెత్తుకుని బడికి తీసుకెళ్లేది. వెనకాల నేను, నా పలకతో పాటు ఆ పిల్ల పలక కూడా పట్టుకుని నడిచేదాన్ని. నా కాళ్లకు దుంగ జారదు కాబోలు. సాయంత్రం తెచ్చి వాకిట్లో దింపితే, వాళ్ల నాయనమ్మ ఆ పిల్ల నెత్తిన ఇన్ని నీళ్లు చల్లి లోపలికి రానిచ్చేది. ఆ నీళ్ల సంగతి నాకు అప్పట్లో పట్టలేదు. నాకు పట్టిందల్లా అమ్మ చంక. అది నాది, నన్ను అడక్కుండా ఇచ్చేశారు అనుకునేదాన్ని.

విశాఖలో మళ్లీ కలిసినప్పుడు, "నన్ను మీరు అనకే బాబూ, నువ్వు అను" అని ఆమే చెప్పింది. అన్నాను. ఆ చనువు కూడా ఆమె ఇస్తేనే పుచ్చుకున్నట్టయింది. మనిషి మంచిది. నాకున్న ఇబ్బందల్లా అదే. చెడ్డదైతే కోప్పడి ఊరుకునేదాన్ని, ఇంత కష్టపడి అసూయ పడక్కర్లేకపోయేది.

కొన్నేళ్ల క్రితం గోదావరి గట్టుకు కాస్త ఇవతల, మూతపడ్డ పొగాకు గోడౌను ఒకటి బాగుచేసి, నలుగురు డబ్బున్నవాళ్లు కలిసి ఆర్టు మ్యూజియం పెట్టారు. రాజమండ్రికి ఇన్నాళ్లకు అటువంటిది వచ్చిందని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. మంచం కిందనుంచి ఒక బొమ్మ తీశాను. పశువుల పాక చూరు, అందులో సత్తు గ్లాసు, కింద ఎండ. నేను వేసినవాటిలో అదే నా బొమ్మ అని చెప్పుకోదగ్గది. పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పట్టుకెళ్లాను.

అక్కడి క్యూరేటరు గారు కుర్రాడే, మర్యాదస్థుడు. బొమ్మను చాలాసేపు చూశాడు. "ఎక్సలెంటుగా ఉందండీ" అన్నాడు. "కానీ ఇప్పుడే తెరిచాం కదండీ. ఇలాంటివి పెడితే మన దాతలు నొచ్చుకుంటారండి. మీది నరసాపురం వైపంటున్నారు కదా, లేసు అల్లే ఆడవాళ్ల బొమ్మలేమన్నా ఉన్నాయాండీ? అవైతే ఎంట్రన్సులోనే పెట్టేద్దాం."

దాతలంటే ఎవరు? కొబ్బరితోటలూ, చేపల చెరువులూ ఉన్న పెద్దమనుషులు. వాళ్ల పాకల్లో చూరులు లేవా? ఇవన్నీ ఆటోలో తిరిగొస్తూ అనుకున్న మాటలు. ఆయన ముందు మాత్రం "లేదండీ" అని వచ్చేశాను. లేసు అల్లే ఆడవాళ్ల బొమ్మ నా దగ్గర ఉంది కూడా. ఇవ్వబుద్ధి కాలేదు.

కిందటేడు ఒకరోజు స్టాఫ్ రూములో పేపరు తిరగేస్తుంటే ఆమె ఫొటో కనపడింది. అదే మ్యూజియం. వెదురూ తాటాకూ తెచ్చి, పెద్ద గది మధ్యలో పశువుల పాక చూరు ఒకటి కట్టిందట. మనిషి నిటారుగా నిలబడలేనంత కిందికి దించి కట్టిందట. అందులో సత్తు గ్లాసు. వాళ్ల పాత ఇల్లు పడగొట్టినప్పుడు దొరికిన గ్లాసునే దాచి, ఇన్నాళ్లకు బయటపెట్టిందట. పేపరువాళ్లు దానికి పెట్టిన హెడ్డింగులో 'ధైర్యం' అన్న మాట ఉంది. నేను తెస్తే గొడవ. ఆమె తెస్తే ధైర్యం.

ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. బాగోలేదు అని చెప్పుకునే భాగ్యం కూడా నాకు దక్కలేదు. బాగుంది. గ్లాసును చూడాలంటే ఎంతటివాడైనా నడుం వంచాలి. చొక్కా ఇస్త్రీ నలక్కుండా వచ్చిన పెద్దమనుషులు వంగుతున్నారు. నేనూ వంగాను. ఈ ఆలోచన నాకెందుకు రాలేదని అక్కడే వంగి ఏడ్చినంత పని చేశాను. ఆ చూరు కింద ఎన్నడూ వంగనివాళ్లకే అది తడుతుందేమో. మా ఇంట్లో వంగడం ఒక విశేషం కాదుగా, బొమ్మ వేసుకోవడానికి.

పక్కన బోర్డు మీద ఆమె పేరు పెద్దక్షరాలతో ఉంది. దానికింద 'వెదురు, తాటాకు, సత్తు గ్లాసు' అని ఉంది. ఆ కింద ఇంకా చిన్న అక్షరాలతో 'ఒక వ్యవసాయ కూలీ మహిళ వాడిన గ్లాసు'. ఆ ఒక మహిళ ఎవరో ఆమెకు తెలుసు. ఆవిడ చంకనెక్కే కదా బడికి వచ్చింది.

వారం తిరక్కుండా గొడవ మొదలైంది. ఊళ్ల పరువు తీస్తున్నారని, ఎప్పటివో పాత సంగతులు తవ్విపోస్తున్నారని కొందరు రైతు పెద్దలు వచ్చి అరిచి వెళ్లారు. మర్నాడు మా పేటల కుర్రాళ్లు ప్లకార్డులు పట్టుకొచ్చారు. 'మా అవమానం మీకు అలంకారమా' అని రాశారు. ఆ మాట చదివి నాకు ఎంత హాయిగా ఉందో. ఇలాంటి మాట నాకు తట్టలేదే అని ఆ కుర్రాళ్ల మీద కూడా కాస్త కుళ్లుకున్నాను, అది వేరే సంగతి. ఇక ఆమె పని అయిపోయింది అనుకున్నాను. ఎక్కడ? గొడవ ముదిరినకొద్దీ ఆమె పేరు ఇంకా పైకే వెళ్లింది. టీవీవాళ్లు వచ్చారు. ఆమె వాళ్లతో ఎంతో వినయంగా, "వాళ్ల కోపం న్యాయమైనదే, నేను వినడానికి సిద్ధంగా ఉన్నాను" అంది. తిట్టినవాళ్లే మెచ్చుకున్నారు.

మ్యూజియం వాళ్లు మాత్రం హడలిపోయారు. చూరును విప్పి, వెనకవైపు జనరేటరు పక్కనున్న గదిలో మళ్లీ కట్టారు. గుమ్మానికి నల్లతెర వేశారు. 'లోపలి ప్రదర్శన కొందరి మనసు నొప్పించవచ్చు' అని బోర్డు పెట్టారు, తెర పక్కన ఒక గార్డును కూర్చోబెట్టారు. పశువుల పాక ఇంటి వెనకాలే కదా ఉండేది. వాళ్లు ఎవరూ ఆలోచించి చేసింది కాదు. వాళ్లకు తెలియకుండానే సరిగ్గా ఎక్కడుండాలో అక్కడికే చేరింది.

అప్పుడు క్యూరేటరు గారి నుంచి నాకు ఫోనొచ్చింది. "మేడమ్, అందరినీ కూర్చోబెట్టి ఒక చర్చ పెడుతున్నామండీ. మీరు వచ్చి మాట్లాడాలండి. మీ సైడు నుంచి ఒక గొంతు ఉండాలి కదండీ. ఆర్టిస్టు గారే మీ పేరు చెప్పారు. మీ అమ్మగారిని కూడా తీసుకొస్తే ఇంకా బాగుంటుందండి."

ఆమె చెబితే నేను గుర్తొచ్చాను. మింగాను. "నా బొమ్మ ఒకటి తెచ్చాను, గుర్తుందాండీ మీకు? చూరూ గ్లాసూ" అన్నాను.

"అయ్యో, గుర్తుందండీ."

"నేనొచ్చి మాట్లాడితే దాన్ని ఆ గదిలో పెడతారా?"

"కమిటీలో పెడతానండి" అన్నాడు.

ఆ మాట పట్టుకునే వెళ్లాను. నాకు కావలసింది అదొక్కటే. ఆమె చూరు ఉన్న గదిలో, దాని ఎదురుగోడ మీద, నా బొమ్మ. వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి, ఎవరిది నిజమో వాళ్లే తేల్చుకోవాలి. ఇంకో ఆశ కూడా ఉండేది. అమ్మ ఆ గ్లాసును చూడగానే, ఇన్నేళ్లు మింగిందంతా నలుగురిలో కక్కేస్తుందని. ఆ తర్వాత ఆమె ఎంత వినయంగా మాట్లాడినా ఎవరూ వినరని.

అమ్మ ఊళ్లోనే ఉంటుంది. వెళ్లి బస్సులో తీసుకొచ్చాను. ఆదివారం కాకపోయినా తెల్లచీర కట్టుకుంది. దారిలో సంగతంతా మెల్లగా చెప్పాను, మధ్యమధ్య మొహం చూస్తూ. అమ్మ మొహం వెలిగింది.

"అమ్మాయిగారు దాచారా? నా గ్లాసు? ఎప్పుడో పారేసి ఉంటారనుకున్నానే."

"దాచి అందరికీ చూపిస్తోందమ్మా."

"పోన్లే, పాపం" అంది. ఎవరు పాపమో నాకు అర్థం కాలేదు.

మ్యూజియం మెట్ల కింద అమ్మ చెప్పులు విడిచింది. విడవక్కర్లేదని చెప్పినా వినలేదు. వరండాలో ఒక స్తంభం పక్కన నిలబడింది, ఎవరో పిలిస్తే గానీ లోపలికి రానట్టు. ఈలోగా ఆమె లోపల్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి "అమ్మా" అని వాటేసుకుంది. చిన్నప్పుడు మా అమ్మను పేరుపెట్టి పిలిచేది, వాళ్లింట్లో అందరిలాగే. ఎప్పుడు మారిందో మారింది. నాకంటూ మిగిలిన పిలుపు అదొక్కటి. అమ్మ ఆమె చెంపలు నిమిరి, "చిక్కిపోయారు అమ్మాయిగారూ" అంది. నన్ను ఆ మాట అని ఎన్నేళ్లయిందో.

తెర తీసుకుని వెనక గదిలోకి వెళ్లాం. అమ్మ ఆ చూరును చూసింది. తలొంచి కిందికి వెళ్లింది. చెయ్యెత్తి గ్లాసు తీయబోతుందనుకున్నాను. తీయలేదు. చుట్టూ ఒకసారి చూసుకుని, నేలమీద చతికిలబడి కూర్చుంది.

గార్డు లేచాడు. "మామ్మగారూ, అక్కడ కూర్చోకూడదండి."

"కూర్చోనివ్వండి, ఏం ఫర్లేదు" అంది ఆమె.

అప్పుడే తెర తీసుకుని ఇద్దరు ముగ్గురు లోపలికొచ్చారు. ఎవరో కాలేజీ లెక్చరర్లలా ఉన్నారు. తాటాకు చూరు, దాని కింద తెల్లచీరలో ముసలమ్మ. ఫోన్లు తీశారు. వాళ్లలో ఒకావిడ గార్డు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "ఈవిడ రోజూ ఉంటారాండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ప్రశ్న మీద కాదు. ఆ ప్రశ్న సరైనదే కావడం మీద. అమ్మ కూర్చోగానే ఆ చూరుకు ఏం తక్కువైందో తెలిసింది, ఆ తక్కువ తీరిపోయింది కూడా. మా అమ్మ వచ్చి ఆమె బొమ్మను పూర్తి చేసింది. అమ్మను బస్సెక్కించి తీసుకొచ్చింది నేను.

"లే అమ్మా, హాల్లో కుర్చీలున్నాయి" అన్నాను.

"ఉండవే, మోకాళ్లు లాగుతున్నాయి. అన్నేళ్లు దీనికింద నిలబడ్డమే గానీ ఒక్కసారీ కూర్చోలేదు" అంది.

ఆమె వెళ్లి అమ్మ పక్కనే కింద కూర్చుంది. అమ్మ భుజం మీద తల వాల్చింది. ఫోన్లు ఇంకా పైకి లేచాయి. క్యూరేటరు హడావిడిగా వచ్చి నా చేతిలో ఒక పెద్ద కెమెరా పెట్టాడు. "మా ఫొటోగ్రాఫరు ఇంకా రాలేదండీ. మీకు ఫ్రేమింగు తెలుసు కదా మేడమ్, కొంచెం తీసిపెట్టరూ?"

తీశాను. ఎంత జాగ్రత్తగా తీశానంటే, ఆమె తలెత్తి సర్దుకునేదాకా ఆగి, పక్కకు జరిగి జరిగి, ఒక మోకాలు మీద కూర్చుని, ఆమె మోచెయ్యి కూడా రాకుండా తీశాను. చూరు వచ్చింది, గ్లాసు వచ్చింది, అమ్మ వచ్చింది. నేనేం చేస్తున్నానో అమ్మకు అర్థమైందేమో, తిన్నగా నావైపే చూసింది.

ఆ తర్వాత చర్చలో అందరూ మాట్లాడారు. అటు పెద్దలూ, ఇటు కుర్రాళ్లూ, మధ్యలో పూతరేకులూ మంచినీళ్ల బాటిళ్లూ. క్యూరేటరు అమ్మ దగ్గర మైకు పెట్టి, "ఈ గ్లాసు ఇక్కడ పెట్టడం మీకు ఇష్టమేనా అమ్మా? తీసేయమంటే తీసేస్తాం" అన్నాడు. నిజంగానే అడిగాడు, పాపం.

"అమ్మాయిగారు పెట్టుకున్నారు కదా బాబూ, ఉండనివ్వండి" అంది అమ్మ.

అంతే. కుర్రాళ్లు తలలు దించుకున్నారు. పెద్దలు సర్దుకుని కూర్చున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంది. నా వంతు వచ్చేసరికి, ఇంటి దగ్గర అద్దం ముందు చెప్పుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఆ బోర్డు మీద మా అమ్మ పేరెందుకు లేదు?" అని మాత్రం అడిగి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. కమిటీలో పెడతామన్నారు.

కమిటీ నా బొమ్మ వద్దంది. ఒకే గదిలో ఒకే వస్తువు మీద రెండు పనులుంటే చూసేవాళ్లు తికమకపడతారట. దుప్పట్లో చుట్టి మళ్లీ మంచం కిందికి తోశాను. ఇకపైన ఆ గుమ్మం తొక్కకూడదు అనుకున్నాను. తీరా స్కూలు పిల్లల్ని తీసుకెళ్లాల్సి వచ్చి వెళితే, నల్లతెర లేదు. చూరు మళ్లీ పెద్ద గదిలోకి వచ్చింది. దాని ఎదురుగోడ మీద, నా బొమ్మ ఎక్కడుండాలని నేను కలలు కన్నానో సరిగ్గా అక్కడ, నేను తీసిన ఫొటో. తలుపంత పెద్దది చేసి పెట్టారు. కింద 'సందర్శకురాలు' అని రాశారు. ఆ మ్యూజియంలో గోడకెక్కిన నా పని అదొక్కటే. దానికింద అమ్మ పేరు లేదు, నా పేరూ లేదు.

పిల్లల్ని గోదావరి గట్టు మీద కూర్చోబెట్టి వెనక్కి వెళ్లి క్యూరేటర్ని అడిగాను. అమ్మ పేరు వేయమన్నాను. నా పేరు సంగతి ఎత్తలేదు. అది వాళ్లకే తెలియాలి, వాళ్లే సిగ్గుపడి వేయాలి అని నా పంతం. "ప్రైవసీ ఉంటుంది కదండీ, కమిటీని అడగాలండి" అన్నాడు. మళ్లీ వెళ్లాను. మళ్లీ అదే మాట. స్కూలు అయ్యాక ఎన్ని సాయంత్రాలు ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నానో. అమ్మ సంతకం తెమ్మంటే తెచ్చాను. ఆధార్ జిరాక్సు తెమ్మంటే తెచ్చాను. చివరికి గార్డు కూడా నన్ను చూసి టీ తెప్పించడం మొదలుపెట్టాడు.

ఒకరోజు అమ్మే ఊరునుంచి ఫోన్ చేసింది. "అమ్మాయిగారితో చెప్పాను, నువ్వు తిరుగుతున్నావని. నా పేరు వేయించారంట. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు" అంది. గొంతులో ఆ సంతోషం వింటుంటే ఫోన్ విసిరికొట్టాలనిపించింది. నేను అన్ని రోజులు తిరిగినా పడని పేరు, ఆమె హైదరాబాదులో కూర్చుని ఒక్క మాట అంటే పడింది. ఫొటో తీసింది ఎవరో ఆమెకు తెలుసు. పక్కనే కూర్చుని చూసింది. గుర్తురాలేదంతే. అన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఆమెకేముంది?

చూస్తానంటే అమ్మను మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి చెప్పులు విడవలేదు. నేరుగా ఫొటో దగ్గరికి వెళ్లి, బైబిలు చదివేటప్పుడు చేసినట్టే, కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంటూ తన పేరు చదివింది. ఇంటిపేరుతో సహా ఉంది. చదవడం అయ్యాక వేలు అక్కడ ఆగలేదు. బోర్డు చివరిదాకా పోయింది. బోర్డు అంచు కూడా తడిమింది. మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది.

"నీ పేరేది?" అంది.

"లేదు."

"ఫొటో తీసింది నువ్వేగా?"

"నేనే."

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. అమ్మకు తెలిసినట్టుంది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే పలికే గొంతుతో, "దానికెందుకే అంత మొహం చిన్నబుచ్చుకోవడం? అమ్మాయిగారితో నేను చెబుతాలే, నీ పేరు కూడా వేయిస్తారు. ఏదీ, ఫోనియ్యి" అని చెయ్యి చాచింది.

ఇవ్వకూడదు. ఎవరికైనా తెలుస్తుంది ఆ సంగతి. ఫోను బ్యాగులోనే ఉంది, బ్యాగు చేతిలోనే ఉంది. ఎదురుగా గోడంతా అమ్మ, నావైపే చూస్తూ.

ఫోన్ తీశాను. అమ్మకు నంబర్లు కనపడవని, నేనే కలిపి ఇచ్చాను.